జ్వాలా పరీక్షలో ఏం పెట్టినా పసుపే వస్తోంది; కాల్షియం, స్ట్రాన్షియం తేడా కూడా తెలియడం లేదు

లవణశోధన:

నిక్రోమ్ (నికెల్, క్రోమియం మిశ్రమలోహం) తీగ, బున్సెన్ బర్నర్, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక కోబాల్ట్ గ్లాసు (ముదురు నీలి గాజు) ముక్క. వీటితో లవణాలకు జ్వాలా పరీక్ష (మంటకు వచ్చే రంగును బట్టి లవణంలోని లోహాన్ని గుర్తించడం) చేస్తున్నాను. పట్టికలో రాసినట్టు రంగులు రావడం లేదు. ఇబ్బందులు ఇవీ:

ఏ లవణం పెట్టినా ముందు పసుపు మంట లేస్తోంది. పొటాషియం ఊదా రంగు కంటికి ఆనడం లేదు. కాల్షియం, స్ట్రాన్షియం, లిథియం మూడూ ఎరుపుగానే ఉన్నాయి. ఇటుక ఎరుపు, ముదురు ఎరుపు అని పుస్తకం విడదీస్తుంది కానీ మంటలో ఆ తేడా పట్టుకునేదెలా? బేరియం క్లోరైడ్ ఆకుపచ్చ ఇచ్చింది, బేరియం సల్ఫేట్ మాత్రం ఏ రంగూ ఇవ్వలేదు. కాపర్ క్లోరైడ్ నీలంగా, కాపర్ సల్ఫేట్ ఆకుపచ్చగా మండాయి. లోహం ఒకటే అయినప్పుడు రంగు ఎందుకు మారింది?

తీగకొస:

ముందు పసుపు సంగతి చూద్దాం. అది వదిలితే మిగతా ప్రశ్నల్లో సగం వాటంతటవే సర్దుకుంటాయి.

ఆ పసుపు మీ లవణానిది కాదు, సోడియానిది. 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర అది వదిలే జంట రేఖలు కన్ను బాగా పట్టుకునే చోట ఉన్నాయి. పైగా సోడియం పరమాణువును ఉత్తేజపరచడానికి 2.1 ఎలక్ట్రాన్ వోల్టుల కొద్దిపాటి శక్తి సరిపోతుంది. బున్సెన్, కిర్కాఫ్ 1860లో గదిలో ఓ మూల 3 మిల్లీగ్రాముల సోడియం క్లోరేట్‌ను పాలచక్కెరతో కలిపి మండించారు. దూరంగా పెట్టిన స్పెక్ట్రోస్కోపులో (వెలుగును రంగు గీతలుగా విడదీసి చూపే పరికరం) కాసేపటికే పసుపు గీత కనిపించింది. మిల్లీగ్రాములో 30 లక్షల వంతు సోడియం ఉన్నా తెలిసిపోతుందని వాళ్లు లెక్కగట్టారు. కాబట్టి వేలితో ముట్టుకున్న తీగ పసుపు చూపిస్తే ఆశ్చర్యం లేదు.

తీగ పెట్టకముందే బర్నర్‌ను చూడండి. గాలి రంధ్రం పూర్తిగా తెరిచి, వెనక నల్లటి అట్ట పెట్టి, ఉత్త మంటను అర నిమిషం గమనించండి. అందులోనే పసుపు చారలు లేస్తుంటే తప్పు గొట్టం మూతి దగ్గర ఉంది. ఇదివరకు చిట్లి పడిన లవణం అక్కడ అంటుకుని ఉంటుంది. చల్లారాక గొట్టం విప్పి స్వేదన జలంతో కడిగి ఆరబెట్టండి.

తర్వాత తీగ. రెండు వాచ్ గ్లాసుల్లో చెరి 2 మిల్లీలీటర్ల ఆమ్లం తీసుకోండి. ఒకటి తీగ కడగడానికి, రెండోది నమూనా తడపడానికి. ఈ రెండూ కలవకూడదు, ఆమ్లం సీసాలో తీగ ముంచడం అసలే కూడదు. గాఢ ఆమ్లం పొగలు ఇబ్బంది పెడితే 6 మోలార్ (లీటరుకు 6 మోల్‌ల గాఢత) ఆమ్లం కూడా పని చేస్తుంది (కలిపేటప్పుడు ఆమ్లాన్నే నీటిలో పోయాలి). తీగ చివర 3 మిల్లీమీటర్ల వెడల్పున చిన్న ఉచ్చు చుట్టండి. ముంచండి, నీలి కోన పైన ఎర్రగా కాలే దాకా ఉంచండి, మళ్లీ ముంచండి. ఐదారు సార్లకు పసుపు క్షణంపాటు మెరిసి ఆరిపోయే స్థితికి రావాలి. నిక్రోమ్‌తో అది బొత్తిగా సున్నా కాదు. ఎంత కడిగినా వదలకపోతే చివరి సెంటీమీటరు కత్తిరించి కొత్త ఉచ్చు చుట్టండి. ఆమ్లంలో నిక్రోమ్ కొద్దికొద్దిగా కరుగుతుంది, ఉపరితలం గరుకెక్కి పాత లవణాన్ని లోపల దాచుకుంటుంది.

ఇంకో చిక్కు ఉంది. తీగ ఎర్రగా కాలినప్పుడు వచ్చే నారింజ వెలుగును మంట రంగుగా పొరబడే వీలుంది. చూడాల్సింది తీగను కాదు, తీగకు పైన మంటలో సాగే చారను.

ప్లాటినం తీగ ఉంటే ఇవన్నీ తేలికవుతాయి. కానీ గాజు కడ్డీకి అతికించిన తీగ అయితే గాజు మంటలోకి రాకుండా చూసుకోండి. సోడా గాజు వేడెక్కితే అదే పసుపు ఇస్తుంది. సీసం, ఆర్సెనిక్, ఆంటిమొని, బిస్మత్ ఉన్నాయని అనుమానం ఉన్న నమూనాలకు ప్లాటినం వాడకండి. ఆ లోహాలు క్షయకరణం చెంది (లవణం నుంచి లోహంగా విడిపోయి) ప్లాటినంతో మిశ్రమలోహమై తీగను పెళుసు చేస్తాయి. మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) కడ్డీ దొరికితే చవకైన మంచి దారి, చివర పాడైతే విరిచేసి మిగతాది వాడుకోవచ్చు. పెన్సిల్ ములుకు వాడమని కొందరు చెబుతారు, వద్దు. అందులో గ్రాఫైట్‌తో పాటు బంకమట్టి ఉంటుంది. రాగి తీగ కూడా పనికిరాదు. నమూనాలో క్లోరైడ్ ఉంటే రాగే ఆకుపచ్చ చూపిస్తుంది.

నమూనా ఆవగింజలో సగం చాలు. ఎక్కువ పెడితే చిట్లి బర్నర్‌లో పడుతుంది, మళ్లీ మొదటికొస్తారు.

నీలికోన:

తీగకొస గారు చెప్పినట్టు శుభ్రం చేశాక కూడా పొటాషియం కనిపించకపోతే దిగులు పడకండి, అది కంటి పరిమితి. పొటాషియం గట్టిగా వెలిగే రేఖలు 766.5, 769.9 నానోమీటర్ల దగ్గర, అంటే మన చూపు దాదాపు ఆగిపోయే అంచున ఉన్నాయి. రెండో జంట 404 దగ్గర, ఇటు చివర. ఈ రెండు అంచులూ కలిసి కంటికి లేత ఊదాగా తోస్తాయి. మధ్యలో సోడియం నిలబడితే వాటికి చోటే ఉండదు.

కోబాల్ట్ గ్లాసు పని ఇక్కడే. అది 589 ప్రాంతాన్ని మింగి నీలాన్ని, చివరి ఎరుపును వదులుతుంది. అందుకే దాని గుండా పొటాషియం ఊదాగా కాక ముదురు గులాబి ఎరుపుగా కనిపిస్తుంది. నేరుగా చూసే రంగును గ్లాసులోంచి వెతికితే దొరకదు. పలుచటి ముక్క అయితే రెండు కలిపి పట్టుకోండి. సరిపోయిందో లేదో తేల్చడానికి ముందు శుద్ధ సోడియం క్లోరైడ్ మంటను చూడండి. పసుపు పూర్తిగా మాయమైతేనే ఆ మందం పనికొస్తుంది. ఇదే గ్లాసులోంచి కాల్షియం లేత ఆకుపచ్చగా, స్ట్రాన్షియం ఊదాగా, బేరియం నీలం కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తాయి. వీటినీ రాసి పెట్టుకోండి, మిశ్రమాలకు పనికొస్తుంది. డిడీమియం (నియోడిమియం, ప్రాసియోడిమియం కలిసిన) గాజు దొరికితే ఇంకా మేలు. అది సోడియం పసుపును బాగా కోసి, తక్కిన రంగులను అంతగా మార్చదు.

పొటాషియం ఫెల్డ్‌స్పార్ లాంటి సిలికేట్ అయితే ఉత్తినే కాల్చినా ఏమీ రాదు, లోహం ఆ నిర్మాణంలో బిగిసి ఉంటుంది. మెత్తగా నూరి జిప్సం పొడి కలిపి పెట్టండి, అప్పుడు పొటాషియం ఆవిరై పైకి వస్తుంది.

బేరియం సల్ఫేట్ రంగు ఇవ్వకపోవడానికి కారణం కూడా ఆవిరే. పదార్థం ఆవిరై మంటలో కలిస్తేనే రంగు. సల్ఫేట్ మంట వేడికి దాదాపు కదలదు. క్లోరైడ్‌లకు ఆ ఇబ్బంది తక్కువ, ఆమ్లంలో తడపమనేది అందుకే. అయితే బేరియం సల్ఫేట్ ఆమ్లంలో కరగదు కాబట్టి తడిపినంత మాత్రాన క్లోరైడ్‌గా మారదు. ముందు దాన్ని క్షయకరణ జ్వాలలో, అంటే లోపలి నీలి కోన కొసకు ఆనించి, ఒకట్రెండు నిమిషాలు కాల్చండి. కొంత సల్ఫేట్ సల్ఫైడ్ అవుతుంది. తీసి ఆమ్లంలో ముంచితే కుళ్లిన గుడ్డు వాసన తగులుతుంది, అంటే పని జరిగినట్టే (హైడ్రోజన్ సల్ఫైడ్ విష వాయువు, వాసన కోసం మొహం దగ్గర పెట్టుకోవద్దు). ఇప్పుడు వేడి భాగంలో పెడితే ఆకుపచ్చ వస్తుంది. స్ట్రాన్షియం సల్ఫేట్‌కూ ఇదే పద్ధతి.

బేరియంతో తొందరపడే వాళ్లే ఎక్కువ. తీగ పెట్టగానే సోడియం పసుపు ముందు వచ్చి పోతుంది. బేరియం ఆకుపచ్చ ఆలస్యంగా మొదలై చాలాసేపు నిలుస్తుంది. రెండు సెకన్లలో తీగ తీసేస్తే ‘బేరియం లేదు’ అని రాసేస్తాం.

మంటలో ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. ముందు బయటి అంచు అడుగున పెట్టండి, అక్కడ వేడి తక్కువ, సులువుగా ఆవిరయ్యేవి మాత్రమే వెలుగుతాయి. తర్వాత నీలి కోనకు కాస్త పైకి జరపండి, మంటలో అత్యధిక వేడి అక్కడే, మొండివి అక్కడ కదులుతాయి. మిశ్రమం అయితే ఈ వరుసలోనే ఒకటి తర్వాత ఒకటి విడిపోతాయి.

వర్ణరేఖ:

ఎరుపుల విషయం, కాపర్ విషయం నేను తీసుకుంటాను. రెండింటికీ మూలం ఒకటే. లోహం పేరుకు ఒక రంగు అని పట్టికలు రాస్తాయి. అది సోడియం, లిథియం, పొటాషియంలకు సరిపోతుంది. అక్కడ వెలిగేది ఒంటరి పరమాణువు కాబట్టి ఏ లవణం తెచ్చినా చివరికి అదే రేఖ. కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం, కాపర్‌లలో మనం చూసే రంగు చాలావరకు మంటలో అప్పటికప్పుడు ఏర్పడే చిన్న అణువులది. స్ట్రాన్షియం పరమాణువు అసలు రేఖ 460.7 నానోమీటర్లు, అంటే నీలం. కాల్షియానిది 422.7, ఊదా వైపు. ఎరుపు వాటి హైడ్రాక్సైడ్, క్లోరైడ్ అణువుల నుంచి వస్తుంది. అందుకే తడిపిన ఆమ్లం, మంటలోని నీటి ఆవిరి, వేడి, ఇవన్నీ రంగును కదుపుతాయి.

కాపర్‌లో ఇది తేటగా కనిపిస్తుంది. కాపర్ మోనోక్లోరైడ్ అణువు 420 నుంచి 460 నానోమీటర్ల మధ్య పట్టీలు (సన్నటి గీతలు కాక వెడల్పాటి వెలుగు చారలు) ఇస్తుంది, అది నీలం. క్లోరిన్ లేకపోతే హైడ్రాక్సైడ్ అణువు 525 నుంచి 550 ప్రాంతంలో ఆకుపచ్చ ఇస్తుంది. మీ సల్ఫేట్‌ను ఆమ్లంలో తడిపి పెట్టి చూడండి. మొదట నీలం మెరుస్తుంది, క్లోరిన్ అయిపోగానే అంచుల నుంచి ఆకుపచ్చ లోపలికి పాకుతుంది. మీకు వచ్చిన రెండు రంగులూ సరైనవే.

కంటితో ఎరుపులను విడదీయాలంటే రంగు కన్నా నడవడిక చూడండి. ఆమ్లంలో తడిపిన కాల్షియం లవణం పెట్టగానే, తడి ఆరే లోపు, నారింజ కలిసిన ఎరుపు చురుక్కున లేచి తగ్గిపోతుంది. మళ్లీ కావాలంటే మళ్లీ ముంచాలి. స్ట్రాన్షియం ఎరుపు తడి ఆరాక కూడా నిలుస్తుంది. లిథియం పెట్టగానే మంటంతా ఒకే ముదురు ఎరుపుతో నిండుతుంది, ఆవిరైపోయే దాకా అలాగే ఉంటుంది. అయినా లిథియం, స్ట్రాన్షియం మధ్య కంటిని నేను నమ్మను.

స్పెక్ట్రోస్కోపు పెడితే సందేహమే ఉండదు. లిథియానికి 670.8 దగ్గర ఒక్క సన్నటి గీత. స్ట్రాన్షియానికి 600 నుంచి 680 దాకా నారింజ, ఎరుపు పట్టీల వరుస, దూరంగా 460.7 దగ్గర ఒంటరి నీలి గీత. ఆ నీలి గీత కనిపిస్తే ఇక వేరే సాక్ష్యం వెతకక్కర్లేదు. కాల్షియానికి 622 దగ్గర నారింజ ఎరుపు పట్టీ, 554 దగ్గర ఆకుపచ్చ పట్టీ. కాల్షియం మంట ‘ఇటుక’లా మసకగా తోచడానికి ఆ ఆకుపచ్చే కారణం.

పరికరం కొనక్కర్లేదు. పొడుగాటి అట్టపెట్టె లోపల నల్ల కాగితం అంటించండి. ఒక చివర రెండు బ్లేడు ముక్కల అంచులను 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల సందుతో సమాంతరంగా అతికించండి. రెండో చివర డీవీడీ ముక్క. దాన్ని పొరల మధ్య చీల్చి, మెరిసే పూతను టేపుతో లాగేస్తే వెలుగు గుండా పోయే గ్రేటింగ్ (గాడులతో వెలుగును రంగులుగా విడదీసే పలక) అవుతుంది. డీవీడీ గాడుల మధ్య దూరం 0.74 మైక్రోమీటర్లు కాబట్టి సోడియం గీత సుమారు 53 డిగ్రీల పక్కకు వంగి కనిపిస్తుంది. చూసే రంధ్రం ఆ కోణంలో పెట్టాలి. సీడీ అయితే గాడుల దూరం 1.6 మైక్రోమీటర్లు, కోణం 22 డిగ్రీల లోపే, గీతలు అంతగా విడిపోవు. సందు గాడులకు సమాంతరంగా లేకపోతే గీతలు ఏటవాలుగా చెదురుతాయి, ఎక్కువ మంది తప్పేది అక్కడే. స్కేలు గుర్తించడానికి ఫ్లోరసెంట్ దీపంలోని పాదరసం గీతలు 435.8, 546.1, మీ మంటలోని సోడియం 589 చాలు. ఇంతకాలం మిమ్మల్ని విసిగించిన సోడియమే ఇక్కడ కొలబద్ద.

పరికరం కుదరకపోతే ద్రావణంలో తేల్చండి. సంతృప్త కాల్షియం సల్ఫేట్ ద్రావణం కలిపితే బేరియం వెంటనే తెల్లటి అవక్షేపం (కరగకుండా అడుగుకు చేరే పొడి) ఇస్తుంది, స్ట్రాన్షియం కాసేపాగి, వేడి చేస్తే ఇంకా త్వరగా ఇస్తుంది, కాల్షియం ఏమీ ఇవ్వదు.

లవణశోధన:

చాలా స్పష్టంగా చెప్పారు, ముగ్గురికీ ధన్యవాదాలు. ఇంకో రెండు. బోరాక్స్ (బోరాన్ లవణం) కూడా ఆకుపచ్చే కదా, బేరియంతో కలగాపులగం కాకుండా ఎలా? రెండోది, ఈ రంగులన్నీ తరగతిలో ఒకేసారి చూపించాలి. పింగాణీ గిన్నెల్లో మిథనాల్ పోసి లవణాలు కలిపి వెలిగించే పద్ధతి ఒకటి ఉంది. గిన్నెకు ఎంత మిథనాల్ పోయాలి?

తీగకొస:

మిథనాల్ గిన్నెల ప్రదర్శన దయచేసి చేయకండి. ఎంత పోయాలన్నది ప్రశ్నే కాదు. మిథనాల్ ఆవిరి 11, 12 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పందుకుంటుంది, అంటే మామూలు గది వేడిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దాని మంట వెలుతురులో కంటికి సరిగా కనిపించదు. ఆరిపోయిందనుకుని సీసాలోంచి ఇంకాస్త పోస్తారు, మంట ధార వెంబడి సీసాలోకి పాకుతుంది, సీసా మూతి నుంచి మంట ముందు వరుస మీదికి చిమ్ముతుంది. విద్యార్థులు తీవ్రంగా కాలిన ప్రమాదాలు ఇలాగే జరిగాయి. అమెరికన్ కెమికల్ సొసైటీ భద్రతా కమిటీ 2014లో ఈ ప్రదర్శనను ఆపేయమని సూటిగా చెప్పింది.

బదులుగా చెక్క పుల్లలు వాడండి. ఐస్ పుల్లల్లాంటివి, రంగు వేయనివి. లవణాల క్లోరైడ్‌లతో 0.5 మోలార్ ద్రావణాలు స్వేదన జలంలో చేసుకోండి. 100 మిల్లీలీటర్లకు లిథియం క్లోరైడ్ 2.1 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 3.7, కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 7.4, కాపర్ క్లోరైడ్ డైహైడ్రేట్ 8.5, బేరియం క్లోరైడ్ డైహైడ్రేట్ 12.2, స్ట్రాన్షియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 13.3. పుల్లలను ముందు ఉత్త స్వేదన జలంలో కొన్ని గంటలు నానబెట్టి ఆ నీరు పారబోయండి, చెక్కలోని సోడియం, పొటాషియం కొంత దిగిపోతాయి. తర్వాత రాత్రంతా ద్రావణంలో ఉంచండి. సోడియం గ్లాసు విడిగా, దూరంగా పెట్టండి. చూపించేటప్పుడు కూడా సోడియం ఆఖరున.

పుల్ల తడిగా ఉన్నంతసేపే రంగు. మంట అంచున కొన్ని సెకన్లు పట్టుకుని, చెక్క నల్లబడకముందే తీసి నీళ్ల బీకర్లో ముంచండి. చెక్క అంటుకుంటే మసి పసుపు అన్నింటినీ కప్పేస్తుంది.

కరిగే బేరియం లవణాలు విషం. చేతి తొడుగులు వేసుకోండి, బేరియం పుల్లలను మీరే పట్టుకోండి. మిగిలిన ద్రావణంలో అవక్షేపం ఆగే దాకా సోడియం సల్ఫేట్ కలిపి, వడకట్టి ఆ తెల్ల పొడిని రసాయన వ్యర్థాల్లో వేయండి.

నీలికోన:

బోరాక్స్ విషయం. దాని ఆకుపచ్చ బోరాన్ ఆక్సైడ్ అణువుది. తీగ మీద బేరియంతోనూ కాపర్‌తోనూ పొరబడతాం. తేడా తేల్చే పని పరీక్షనాళికలో చేయండి. 0.1 గ్రాము నమూనా, 3 మిల్లీలీటర్ల మిథనాల్, ఆపైన చుక్కలు చుక్కలుగా 1 మిల్లీలీటరు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. ట్రైమిథైల్ బోరేట్ ఏర్పడుతుంది, అది చాలా సులువుగా ఆవిరవుతుంది. మిథనాల్ సీసాకు మూత పెట్టి ఇంకో బల్ల మీదికి చేర్చాకే పరీక్షనాళికను గోరువెచ్చని నీటిలో పెట్టి, మూతి దగ్గర ఆవిరిని వెలిగించండి. మంట అంచు ఆకుపచ్చగా ఉంటే బోరేట్. బేరియం, కాపర్ ఈ వేడికి ఆవిరి కావు, కాబట్టి మూతి దాకా రాలేవు. ఇదే మిశ్రమాన్ని గిన్నెలో వెలిగిస్తే చిట్లిన తుంపర్లతో అవీ మంటలోకి చేరతాయి, పరీక్ష పనికిరాకుండా పోతుంది.

మెగ్నీషియం, అల్యూమినియం, జింక్ లవణాలు కూడా మీ జాబితాలోకి వస్తే వాటి కోసం రంగు వెతకకండి. మెగ్నీషియం ముఖ్య రేఖ 285.2 నానోమీటర్లు, జింక్‌ది 213.9, రెండూ అతినీలలోహితంలో. మెగ్నీషియం రిబ్బను తెల్లగా మండటం వేరే సంగతి, అక్కడ వెలిగేది తెల్లగా కాలిన ఆక్సైడ్ రేణువులు.

వర్ణరేఖ:

తరగతిలో ఫోన్‌తో ఫొటోలు తీస్తారు కాబట్టి ఒక మాట. ఆటో వైట్ బ్యాలెన్స్ (ఫోన్ తనంతట తానే రంగులు సర్దే అమరిక) ప్రతి మంటకూ రంగు మార్చేస్తుంది. దాన్ని డేలైట్ దగ్గర స్థిరంగా పెట్టి, ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు మోతాదు) రెండు స్టాప్‌లు తగ్గించండి. లేకపోతే మంట మధ్య భాగం సెన్సార్‌లో నిండిపోయి లిథియం నారింజగా, సోడియం తెల్లగా పడతాయి. పొటాషియం మాత్రం ఫొటోలో సరిగా రాదు, చాలా ఫోన్లలో సెన్సార్ ముందున్న వడపోత 766 ప్రాంతాన్ని కోసేస్తుంది. దాన్ని పిల్లలకు కోబాల్ట్ గ్లాసు చేతికిచ్చి నేరుగా చూపించండి, గదిలో దీపాలు ఆర్పేసి.